అరికాళ్ళ మంట, మిరపకాయ మందు

పెళ్ళయి పాతపట్నం వచ్చిన కొత్తలో మా అత్తింట్లో నాకు చెప్పిన మొదటి నియమం ఎర్ర బకెట్ ముట్టుకోకూడదని. అందులో బట్టలు నానబెట్టకూడదు, స్నానానికి పట్టుకెళ్ళకూడదు. అది మావయ్యగారిది. వరండాలో కుర్చీ ముందు దాన్ని పెట్టుకుని, సగం దాకా నీళ్ళు పోసుకుని, అందులో రెండు కాళ్ళూ పెట్టి ఆయన పేపరు చదివేవారు. ఎవరైనా వస్తే కాళ్ళు తీయకుండానే పలకరించేవారు. వచ్చినవాళ్ళకీ అది అలవాటైపోయింది.

ఆయన ప్రాథమిక పాఠశాలలో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మా బాప్టిస్టు చర్చికి సంఘపెద్ద. బడిలో, చర్చిలో పుస్తకం తెలుగు మాట్లాడేవారు. గుమ్మం దాటి ఇంట్లోకి రాగానే మన శ్రీకాకుళం తెలుగులోకి దిగిపోయేవారు. పదిహేనేళ్ళుగా సుగరు ఉంది. ఆ సుగరు మెల్లగా పాదాల నరాలను పాడుచేసింది. పగలల్లా అరికాళ్ళు మండుతుండేవి.

"నిప్పులమీద నిల్సున్నట్టే ఉంటాదమ్మా," అనేవారు నాతో. "ముట్టుకుంటే మాత్రం సల్లగా ఉంటాయి. సూడు."

నిజమే, చల్లగానే ఉండేవి. అదే విచిత్రం.

ఆయన చెయ్యని వైద్యం లేదు. కొబ్బరినూనె రాశారు. పుదీనా వాసన వేసే తలనొప్పి బామ్ కాళ్ళకి రాశారు. ఒకసారి ఎవరో చెప్తే గోరింటాకు నూరించి అరికాళ్ళకి పట్టించారు. మంట తగ్గలేదు గానీ పాదాలు ఎర్రగా పండాయి. ఆ వారం ప్రార్థనకి వచ్చిన ఆడవాళ్ళందరూ ఆయన పాదాలు చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "పెళ్ళికొడుకై కూకున్నాడు మీ మావయ్య," అని మా అత్త నాతో పైకే అంది.

ఇదంతా పదేళ్ళ కిందటి మాట. ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ వస్తున్న రోజులు. నేను విజయనగరం పిల్లని, ఎమ్మెస్సీ జువాలజీ. పెళ్ళయ్యాక ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. నా చదువు మీద నాకు కొంచెం ఎక్కువ గౌరవం ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ ఏడాది మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే పీరియడ్‌లో నాకు పడిన పాఠం అయాన్ ఛానెళ్ళు. కణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది, దాన్ని కణత్వచం అంటాం. అందులో చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. సోడియం, పొటాషియం, కాల్షియం వంటివి విద్యుత్తు మోసుకుంటూ ఆ తలుపుల గుండానే రావాలి, పోవాలి. తలుపు తెరుచుకుంటే నరం పలుకుతుంది, మూసుకుంటే ఊరుకుంటుంది. నేను ఎంతో బాగా చెప్తున్నాననుకుంటూ బోర్డు మీంచి తిరిగి చూస్తే, క్లాసులో సగంమంది తలుపులు మూసుకుపోయి ఉండేవి.

ఒకరోజు ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది.

"మేడం, మిరపకాయ తింటే నోరు మండిపోతాది కదండి. మరి అప్పుడు ధర్మామీటరు పెడితే వేడి పెరగదేటండి?"

క్లాసంతా ఒక్కసారి మేలుకుంది. నాకు జవాబు తెలియదు. "మంచి ప్రశ్న, రేపు చెప్తాను," అన్నాను. మాకు తెలియనప్పుడు మేము అనేమాట అదే.

మా ఇంట్లో డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే సిగ్నల్ వచ్చేది. ఆ సాయంత్రం అక్కడ నిలబడి చదివాను. చదువుతూ చదువుతూ నాలో నేనే గట్టిగా నవ్వుకున్నాను. మన నరాల చివర్లలో ఒక ఛానెళ్ళ కుటుంబమే ఉంది. దాని పేరు టీఆర్‌పీ. అందులో ఒక తలుపు ఒళ్ళు కాలేంత వేడి తగిలితే తెరుచుకుంటుంది. మిరపకాయలోని ఘాటు వచ్చి సరిగ్గా ఆ తలుపునే తెరుస్తుంది. లోపలున్న మెదడుకి తెరిచింది ఎవరో తెలియదు. తలుపు తెరుచుకుంది కాబట్టి నిప్పే అనుకుని కేకలు పెడుతుంది. ధర్మామీటరులో ఏమీ కనబడదు. అదే కుటుంబంలో మరో తలుపు చలికి తెరుచుకుంటుంది. పుదీనా దాన్ని తడుతుంది. ఇంకోటి ఉంది, ఆవ పెట్టిన కూర తింటే ముక్కుకెక్కేది దాని పనే.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పాను. కుటుంబం పేరు టీఆర్‌పీ అనగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "సీరియళ్ళకొచ్చే టీఆర్‌పీయేనేటండి?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పాఠం పేరు సీరియల్ పాఠం అయిపోయింది. పరీక్షలో ఒకరిద్దరు అలాగే రాశారు కూడా.

నాకు కొత్తగా తెలిసిన సంగతి కడుపులో దాచుకోలేను. ఇంటికి వచ్చి మావయ్యకి చెప్పాను.

"మీరు రాసుకునే బామ్ చల్లగా ఏమీ ఉండదు మావయ్యా. చలి తలుపు తెరుస్తుందంతే. మీ మెదడు చల్లబడిందనుకుంటుంది."

ఆయన పేపరు మడిచి నా వంక చూశారు. "అంటే ఇన్నేళ్ళూ నాను మోసపోతన్నానేటి?"

"అలా కాదు..."

"మోసమైనా సల్లగా ఉన్నాది కదమ్మా," అని బామ్ మూత తీసి మళ్ళీ రాసుకున్నారు.

ఆ నెలలోనే ఆయన్ని శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయనకి కరెంటు ఆఫీసులో ఉద్యోగం, వేసవిలో సెలవు దొరకదు. డాక్టరు సూదితో పాదాలమీద అక్కడక్కడా తాకించి చూసి, మాత్రలు రాసి, ఒక ట్యూబు కూడా రాశారు. రోజుకి మూడుసార్లు, వారాల తరబడి విడవకుండా రాయాలన్నారు. ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నారు గానీ, నేను నరాల గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ అడుగుతూ సగం వినలేదు. డాక్టరు ఓపికున్న మనిషి. నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పారు.

తిరుగు బస్సులో కూర్చున్నాక ట్యూబు మీది సన్నటి అక్షరాలు చదివాను. చదివి, చుట్టూ జనం ఉన్నారని మరిచిపోయి, "మావయ్యా! ఇది మిరపకాయండీ!" అని కేకేశాను. ముందు సీటులో బుట్ట పట్టుకుని కూర్చున్న ముసలమ్మ వెనక్కి తిరిగి, "ఎక్కడమ్మా, కేజీ ఎంత?" అంది.

ఇంటికి చేరాక అత్త ఆ సంగతి విని చేతిలో పని వదిలేసి వచ్చింది. మా అత్త చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె మాట్లాడితే వీధి చివరి ఇంట్లో కూడా వినబడుతుంది.

"ఏటీ, మండే కాళ్ళకి మిరపకాయ రాస్తారా? ఈ మాత్రం దానికి శ్రీకాకుళం ఎల్లాలేటి? నానే రాసీదాన్ని కదా!"

నాకు పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. వరండాలో నిలబడి చెప్పాను. "అత్తా, మావయ్య నరాల్లో ఆ వేడి తలుపు ఊరికే తెరుచుకుంటోంది. ఇప్పుడీ మందు దాన్ని ఇంకా గట్టిగా తెరుస్తుంది. రోజూ తెరుస్తుంది, పూటపూటా తెరుస్తుంది. కొన్నాళ్ళకి ఆ నరం విసిగిపోతుంది. ఒకడు పనీపాటా లేకుండా పూటకోసారి తలుపు కొడుతుంటే, చివరికి ఇంట్లోవాళ్ళు పలకడం మానేస్తారు చూడండి, అలాగన్నమాట."

అత్త చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మీ మావయ్య పిలిస్తే నాను పలకనట్టు."

"అంతే అత్తా."

"అయితే పనిసేస్తాది," అని ట్యూబు నా చేతిలోంచి తీసుకుంది.

రాయడం ఆమే మొదలుపెట్టింది. చేతికి పాలిథీన్ కవరు తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని రాసేది. అత్తకి చాదస్తం ఎక్కువ అనుకున్నాను. ఆమె మాత్రం ఏళ్ళతరబడి ఆవకాయ కలిపిన మనిషి. మొదటి మూడు నాలుగు రోజులూ మావయ్య కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పాత ఎక్కాలు పైకి చదివారు. పన్నెండో ఎక్కం దాకా వెళ్ళేసరికి మంట కొంచెం దిగేది. "నీ పాఠం నిజం కాకపోతే సూసుకో, లెక్చరరమ్మా," అనేవారు నన్ను చూసి.

అలా పది రోజులయ్యాక వచ్చిన ఆదివారం జరిగిందీ సంగతి.

ఆ వారం చర్చి ఊడ్చి, చాపలు పరిచే వంతు అత్తది. పొద్దున్నే వెళ్ళిపోయింది. నేను లోపల చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను.

"అమ్మా, ఆ ట్యూబెక్కడున్నాది?" అని మావయ్య గొంతు వినబడింది.

"కిటికీలో ఉంది మావయ్యా."

అంతవరకే నా వైద్యం. ఆయన రెండు అరికాళ్ళకీ వట్టి చేతుల్తో, కొబ్బరినూనె రాసినంత ధారాళంగా రాసుకున్నారు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నారు. మేజోళ్ళు, చెప్పులు వేసుకుని, బయలుదేరుతున్నానని చెప్పి రెండు వీధుల అవతలున్న చర్చికి నడిచి వెళ్ళారు. ఆయన అరచేతుల చర్మం మందం. జీవితమంతా సుద్దముక్క పట్టుకున్న చేతులు. వాటికేమీ తెలియలేదు. కళ్ళజోడు ఉంటుంది కాబట్టి కళ్ళు నులుముకునే అలవాటు కూడా లేదు.

ప్రతి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర ఆయనే నిలబడేవారు. లోపలికి వచ్చే ప్రతి మగవాడికీ వందనాలు చెప్పి, రెండు చేతుల్తో చెయ్యి పట్టుకుని ఊపేవారు. ఆడవాళ్ళకి వందనాలు చెప్పి పాటల పుస్తకం చేతికిచ్చేవారు. ఆ రోజూ అలాగే చేశారు. నాకూ ఒక పుస్తకం ఇచ్చారు.

మా పాస్టరుగారు అప్పటికి వచ్చి ఏడాది. విమానాశ్రయం వస్తుందని చెప్పుకుంటున్న భోగాపురం వైపు కుర్రాడు. వాళ్ళ పొలాల దగ్గర విమానాలు దిగుతాయట అని మావాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవారు. మంచివాడు, ఎవరింట్లో జబ్బు అన్నా సైకిలేసుకుని ముందు వెళ్ళేది ఆయనే. కానీ ప్రసంగం మాత్రం జోలపాటలా ఉండేది. మెత్తటి గొంతు. ఒకటో సంగతి, రెండో సంగతి అని వరసగా చెప్పుకుపోయేవాడు. మూడో సంగతికి మగవాళ్ళ వైపు తలలు వాలడం మొదలయ్యేది. ఆయనకీ తెలుసు. తెలిసి, ఇంకా మెత్తగా చెప్పేవాడు.

ఆ రోజు అంశం క్షమాపణ. ఎండ మండిపోతోంది, పైన రేకులు, కరెంటు లేదు. జనం చేతుల్తోనే ముఖం మీద చెమట తుడుచుకుంటున్నారు.

రెండో సంగతి నడుస్తుండగా ముందు వరసలో ఒకాయన ముక్కు చీదాడు. ఆయన పక్కవాడు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళ వైపు ఒకామె, ఇంకొకామె. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి చూశారు. ఏడాదిగా ఆయన ప్రసంగానికి నిద్రపోయినవాళ్ళే గానీ ఏడ్చినవాళ్ళు లేరు. మొదటిసారి కాగితం పక్కన పెట్టి మాట్లాడారు. ఆయన మాట్లాడేకొద్దీ జనం కళ్ళు తుడుచుకున్నారు, తుడుచుకునేకొద్దీ ఇంకా ఏడ్చారు.

నా పక్కన కూర్చుని నా పుస్తకంలోంచే పాడిన మా అత్త బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. "ప్రభువు తాకతన్నాడే," అని నా చెయ్యి నొక్కింది.

నేను నుదుటి చెమట తుడుచుకున్నాను. ఒక చుక్క వేలితోపాటు కంటికొసకి జారింది. అంతే, కన్ను భగ్గుమంది. ఆ మంట నాకు తెలుసు. పచ్చిమిరపకాయలు తరిగి మరిచిపోయి కన్ను రుద్దుకున్న ప్రతి ఆడదానికీ తెలుసు. నా ఒళ్ళోని పాటల పుస్తకం వైపు చూశాను. తలెత్తి, గుమ్మం పక్కన కుర్చీలో ప్రశాంతంగా కూర్చున్న మావయ్య వైపు చూశాను. ఆ చర్చి మొత్తంలో కళ్ళు పొడిగా ఉన్న కొద్దిమందిలో ఆయనొకరు.

నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో నాకే తెలియలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. చూసినవాళ్ళు నేను కూడా కదిలిపోయాననుకున్నారు.

అప్పుడే అసలు సంగతి జరిగింది. మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. అన్న మెట్టలో కూరగాయలు పండిస్తాడు, తమ్ముడు బజారులో టైలరు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. తండ్రి సమాధి రాయి మీద 'ప్రేమతో కుమారులు' అని చెక్కించి కింద తన పేరొక్కటే పెట్టించాడు అన్న. చోటు సరిపోలేదు అన్నాడు. కుమారులు అని రాసి ఒక్కడి పేరు పెడతావా అన్నాడు తమ్ముడు. అప్పట్నుంచి చర్చిలో ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు.

ఆ రోజు ఇద్దరూ ఏడుస్తున్నారు. ఒకరు ఏడవడం ఒకరు చూశారు. అన్న లేచాడు. చాపల మధ్యలోంచి నడిచి కిటికీ వైపు వెళ్ళి తమ్ముడి ముందు నిలబడ్డాడు. ఏమన్నాడో మాకు వినబడలేదు. తమ్ముడు అతని భుజం మీద తల పెట్టి బావురుమన్నాడు. చర్చిలో మిగతావాళ్ళు కూడా అప్పుడు నిజంగానే ఏడ్చారు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన చెయ్యలేక కూర్చుండిపోయారు.

ఇంటికి రాగానే మావయ్య చేతులు చూపించమన్నాను. వాసన చూస్తే ఏమీ తెలియలేదు. నాలుక కొస తాకించాను. తెలిసింది.

"ఏటైనాదే?" అంది అత్త, ఇంకా ఎర్రగా ఉన్న కళ్ళతో.

చెప్పాను. అత్త చాలాసేపు మాట్లాడలేదు. మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. తర్వాత, "అయితే ప్రభువు తాకనేదా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

మావయ్య ముఖం పాలిపోయింది. నేను ఆయన చేతులకి ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగించాను. ఆ ఘాటు వట్టి నీళ్ళకి లొంగదు, నూనెకే లొంగుతుంది. ఈ ముక్క మాత్రం డాక్టరు నాతో చెప్పే ఉంటాడు. కాల్షియం గురించి అడుగుతూ నేనే విని ఉండను. తప్పు నాదే అన్నాను.

"తప్పు ఎవులిదైనా సెయ్యి నాది," అన్నారు మావయ్య. "రేపు ఎల్లి పాస్టరుగారికి సెప్పీస్తాను."

"సెప్పి?" అంది అత్త. "ఆ గుంటడు ఏడాదికి ఒక్కరోజు సంతోషపడినాడు. దాని మీద నీల్లు పోసీస్తావా?"

"అబద్ధం కదా అది."

"నువ్వు అబద్ధం ఆడినావేటి? సెయ్యి ఊపినావు. అంతేకదా."

మావయ్య ఒప్పుకోలేదు. మర్నాడు వెళ్దామనుకుంటుండగా, పెద్దవాడు రాయి చెక్కేవాణ్ణి వెంటబెట్టుకుని సమాధుల తోటకి వెళ్ళాడని, తమ్ముడి పేరు తన పేరు పక్కనే చెక్కిస్తున్నాడని కబురొచ్చింది. చోటు బాగానే సరిపోయిందట. మావయ్య కుర్చీలో కూలబడ్డారు. "రాయి మీద ఎక్కీసినాక ఇంకెలాగ సెప్పీది?" అన్నారు. ఆ వారమంతా ఆయన సరిగ్గా తినలేదు. బడిలో ఒక పిల్లాణ్ణి పొరపాటున కొట్టినా తర్వాత పిలిచి క్షమించమని అడిగే మనిషి. కాళ్ళ మంట కన్నా ఇదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందని నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాతి ఆదివారం అత్త ఆయన చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్ది, తన కళ్ళకి తాకించి చూసుకుని మరీ చర్చికి పంపింది. పాస్టరుగారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. కాగితం లేకుండా మొదలుపెట్టారు. గొంతు పెంచారు, చెయ్యి ఊపారు, ఒకచోట బల్ల మీద చరిచారు. ఎవరి కళ్ళూ చెమ్మగిల్లలేదు. మూడో సంగతికల్లా మగవాళ్ళ తలలు మామూలుగా వాలిపోయాయి. పైగా ఆ రోజు కరెంటు ఉంది, ఫ్యాన్లు తిరిగాయి.

సోమవారం సాయంత్రం ఆయన సైకిలు మా గుమ్మం ముందు ఆగింది.

"మాస్టారూ, మీరు పెద్దవాళ్ళు," అన్నాడు వరండాలో కూర్చుని. "కిందటి వారం ప్రసంగంలో ఏముందండి? ఈ వారం ఏం తక్కువైంది? నేను చాలా ఆలోచించాను. తెలియడం లేదు."

మావయ్య అత్త వంక చూశారు. అత్త తల దించుకుంది. నేను కిటికీలోంచి ట్యూబు తెచ్చి మావయ్య చేతిలో పెట్టాను.

మావయ్య అంతా చెప్పారు, ఒక్క ముక్క దాచకుండా, పుస్తకం తెలుగులో. "పాస్టరుగారూ, ఆ కన్నీళ్ళు మీ వాక్యం వల్ల రాలేదు. నా అపరిశుభ్రమైన హస్తముల వల్ల వచ్చాయి," అన్నారు. మధ్యలో పాస్టరుగారికి అర్థంకాకపోతే నేను తలుపుల సంగతి వివరించాను. కన్నీళ్ళు తెప్పించే నరంలో కూడా ఆ తలుపే ఉంటుందని చెప్పాను. అంత వివరం అక్కర్లేదని అత్త నా కాలు తొక్కింది.

ఆయన ట్యూబు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"ఆ రోజు మీరు చెయ్యి ఇవ్వనివాళ్ళు ఎవరైనా ఉన్నారా మాస్టారూ? పుస్తకం కూడా అందుకోనివాళ్ళు?"

మావయ్య ఆలోచించారు. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. నేను అప్పటికి కూర్చున్నాను."

"వాళ్ళలో ఎవరైనా ఏడ్చారా?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె. చేపల బుట్ట బయట దించి ఆలస్యంగా వచ్చింది. చదువు రాదు, పుస్తకం తీసుకోదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగినప్పుడు చూశాను. చప్పుడు చెయ్యకుండా ఏడుస్తోంది. అప్పటికి అన్నదమ్ములు ఇంకా లేవలేదు కూడా. ఆ మాట చెప్పాను.

"ఒకరన్నమాట," అన్నాడు పాస్టరుగారు. ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు. అతని ముఖంలోకి మెల్లగా వెలుగొచ్చింది. "ఒకరు చాలు మాస్టారూ. ఏడాదికి ఒకరంటే తక్కువేం కాదు." ఇక అక్కణ్ణుంచి నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే అత్త భయపడి, "సెయ్యి ఇచ్చీసినావేటి మళ్ళీ?" అని మావయ్యని గదిమింది.

ఆ ముసలామె ఎందుకు ఏడ్చిందో కనుక్కోవడానికి ఆయన మర్నాడే వెళ్ళాడు. ఏం చెప్పిందో మాకు చెప్పలేదు. మేము అడగలేదు.

మిగిలింది అన్నదమ్ములు. మావయ్య ఒంటరిగా వెళ్ళనన్నారు, నన్ను తోడు రమ్మన్నారు. ముందు అన్న పొలానికి వెళ్ళాం. అతను గట్టు మీద కూర్చుని అంతా విన్నాడు. వినడం అయ్యాక నవ్వాడు.

"మాస్టారూ, పాతికేళ్ళుగా మిరపకాయలు కోస్తన్నాను. కంట్లో పడగానే తెలిసిపోనాది నాకు, ఇది మిరపమంటని. ఎక్కడ్నించి వచ్చిందో మాత్రం తెలీనేదు."

"మరి ఎందుకు లేచి వెళ్ళావయ్యా?"

"తమ్ముడు ఏడుస్తన్నాడు కదండి. ఆడికి తెలీదు పాపం, ఆడు టైలరు. ఆడంత ఏడుస్తంటే నాకు మంటే కదా అని ఎలాగ కూకోను?"

అక్కణ్ణుంచి బజారుకి వచ్చి తమ్ముడికి చెప్పాం. కుట్టు మిషను ఆపి, చేతిలోని జాకెట్టు గుడ్డ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. అతనికి కోపం వచ్చింది. "అందరి ముందరా నన్ను ఏడిపించీసినారు," అన్నాడు. మావయ్య క్షమించమని అడిగారు. తన గురువు తనని క్షమించమని అడగడం అతనికి ఇబ్బందిగా ఉంది. ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు. కాసేపు కత్తెర తీశాడు, పెట్టాడు.

"మొదట మంటే మాస్టారూ," అన్నాడు చివరికి. "కాదనను. అన్న ముందుకొచ్చి నిల్సున్నాక వచ్చింది మాత్రం మంట కాదు." మిషను చక్రం తిప్పుకుంటూ, "పేరు బాగా సెక్కినాడు. అచ్చరాలు నా పేరువే పెద్దగా ఉన్నాయి. మీరు సూసినారా?" అన్నాడు.

మేము చూశాం. నిజంగానే పెద్దగా ఉన్నాయి.

మందు మాత్రం ఆపలేదు. అత్త చేతికి కవరు, రబ్బరు బ్యాండు, రోజుకి మూడు పూటలు. మూడో వారం దాటాక మావయ్య ఎక్కాలు చదవడం మానేశారు. ఐదో వారంలో ఒకరోజు అన్నం తింటూ మధ్యలో ఆగి, "ఇప్పుడు మంట ఉన్నాదా లేదా?" అని నన్నే అడిగారు. పూర్తిగా పోలేదు. కానీ తలుచుకుంటే తప్ప తెలియనంతకి దిగింది. ఆ రోజు క్లాసులో నేను సిలబస్‌లో లేని గంట పాఠం చెప్పాను. ఒక్కరు కూడా నిద్రపోలేదు. మిరపకాయ ప్రశ్న అడిగిన అమ్మాయి, "మీ మావయ్యగారి మీద పరీక్షలో అడుగుతారేటండి?" అంది.

ఆ చలికాలం మా ఆయనకి సెలవు దొరికితే అందరం కలిసి భావనపాడు వెళ్ళాం. పొద్దున ఎనిమిదింటికి తీరం మీద వలలు లాగుతున్నారు. మావయ్య కాసేపు నిలబడి చూసి, వంగి చెప్పులు విడవబోయారు.

"వద్దు మావయ్యా, సుగరు ఉన్నవాళ్ళు వట్టి కాళ్ళతో నడవకూడదు. ఏం గుచ్చుకున్నా మీకు తెలియదు," అన్నాను.

"పది అడుగులే, లెక్చరరమ్మా."

పది అడుగులన్నవి వంద దాటాయి. తడి ఇసక మీద, కెరటం వచ్చి తాకే చోట, పంచె మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని ఆయన నడుచుకుంటూ పోయారు. ఆయన చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని, గాజుపెంకులూ గవ్వలూ ఏమైనా ఉన్నాయేమోనని ఇసకలోకి చూసుకుంటూ, ఆయనకి వినబడేలా తిట్టుకుంటూ మా అత్త వెనకే నడిచింది.